నాలుగు స్తంభాల మీద సెర్బియా

బ్రస్సెల్స్‌తో సభ్యత్వ చర్చలు, మాస్కోతో పాత చుట్టరికం, బీజింగ్‌తో వ్యాపారం, వాషింగ్టన్‌తో సర్దుబాటు. అందరితోనూ మంచిగా ఉండాలనుకున్న ఒక చిన్న దేశానికి ఆ నేర్పు ఏం తెచ్చిపెట్టింది? ఆ లాభం ఎవరికి చేరింది?

2025 మే నెలలో సెర్బియా అధ్యక్షుడు అలెగ్జాండర్ వుచిచ్ ఎవరెవరిని కలిశారో చూస్తే చాలు, ఆ దేశ విదేశాంగ విధానం మొత్తం అర్థమవుతుంది. మే 9న ఆయన మాస్కోలో ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధ విజయానికి 80 ఏళ్లు నిండిన సందర్భంగా రెడ్ స్క్వేర్‌లో పుతిన్ జరిపిన సైనిక కవాతుకి వెళ్లారు. సభ్యత్వం కోరుకునే దేశాల నేతలు అక్కడికి వెళ్లడం మంచిది కాదని ఐరోపా సమాఖ్య ముందే చెప్పింది. ఆయన వినలేదు. నాలుగు రోజులకే ఐరోపా మండలి అధ్యక్షుడు ఆంటోనియో కోస్టా బెల్‌గ్రేడ్‌లో దిగారు. వుచిచ్ ఆయన్నీ అంతే ఆదరంగా ఆహ్వానించారు. మే 22న ఐరోపా సమాఖ్య విదేశాంగ విధాన అధిపతి కాయా కల్లాస్ వచ్చి, ఏ వైపో తేల్చుకోవాలని చెప్పి వెళ్లారు. నెల ముగియకముందే రష్యా విదేశీ గూఢచార సంస్థ ఒక ప్రకటన చేసింది. సెర్బియా కర్మాగారాల్లో తయారైన మందుగుండు మధ్యవర్తి దేశాల మీదుగా ఉక్రెయిన్‌కి చేరుతోందని, ఇది వెన్నుపోటేనని దాని సారాంశం.

మూడు వారాల్లోనే ఇటు బ్రస్సెల్స్ చేతా అటు మాస్కో చేతా మాట పడిన దేశం సెర్బియా. దీన్ని అక్కడి ప్రభుత్వం సమతుల్య విధానం అంటుంది. విమర్శకులు రెండు పడవల మీద కాళ్లు అంటారు. నిజానికి సెర్బియా కాళ్లు పెట్టింది నాలుగు పడవల మీద. 2009లో అప్పటి అధ్యక్షుడు బోరిస్ తాదిచ్ తమ విదేశాంగ విధానానికి నాలుగు స్తంభాలున్నాయని ప్రకటించారు: బ్రస్సెల్స్, మాస్కో, వాషింగ్టన్, బీజింగ్. ఆయన తర్వాత పార్టీలు మారాయి, అధ్యక్షులు మారారు. ఆ నాలుగు పేర్లు మాత్రం మారలేదు.

అలవాటు ఇవాళ్టిది కాదు

బెల్‌గ్రేడ్ కొత్త నగరంలో సావా నది పక్కన ఉన్న నివాస సముదాయాల్లో యూరి గగారిన్ వీధి ఉంది. దానికి దగ్గర్లోనే నెహ్రూ వీధి, గాంధీ వీధి ఉన్నాయి. ఆ పేర్లు అక్కడికి ఊరికే రాలేదు. యుగోస్లావియాను ఏలిన మార్షల్ టిటో కమ్యూనిస్టే అయినా 1948లో స్టాలిన్‌తో తెగతెంపులు చేసుకున్నారు. ఆ తర్వాత అమెరికా సాయం తీసుకున్నారు, పెట్టుబడిదారీ కూటమిలో మాత్రం చేరలేదు. 1954 డిసెంబర్‌లో ఢిల్లీ వచ్చి నెహ్రూతో సంయుక్త ప్రకటన చేశారు. 1956లో బ్రియోని దీవిలో నెహ్రూ, నాసర్‌లతో కూర్చున్నారు. 1961 సెప్టెంబర్‌లో 25 దేశాలతో అలీనోద్యమ తొలి శిఖరాగ్ర సదస్సు జరిగింది బెల్‌గ్రేడ్‌లోనే.

అలీన విధానం ఆ తరం యుగోస్లావులకు నేరుగా అక్కరకొచ్చింది. ఎర్ర పాస్‌పోర్టు చేతిలో ఉంటే తూర్పుకీ పడమరకీ కూడా వెళ్లగలిగేవారు. జర్మనీలో కూలి చేసి ఊళ్లో ఇల్లు కట్టుకున్నారు. వాళ్ల కాంట్రాక్టు సంస్థలు ఇరాక్, లిబియాల్లో పనులు చేశాయి. అప్పటి సమతుల్యానికి వెనక దన్నుగా రెండు కోట్లకు పైగా జనాభా, పెద్ద సైన్యం, పొడవైన ఏడ్రియాటిక్ తీరం ఉండేవి. యుగోస్లావియా ముక్కలవడంతో అవన్నీ 1990ల యుద్ధాల్లో పోయాయి. 1999లో సెర్బియాలోని కొసొవో ప్రాంతం విషయమై నాటో 78 రోజులు బాంబులు వేసింది. ఆ దాడుల్లో బెల్‌గ్రేడ్‌లోని చైనా రాయబార కార్యాలయం కూడా దెబ్బతిని ముగ్గురు చైనీయులు చనిపోయారు. దేశాన్ని గట్టిగా ఐరోపా వైపు తిప్పాలని చూసిన ప్రధాని జొరాన్ జింజిచ్ 2003 మార్చిలో పట్టపగలు హత్యకు గురయ్యారు.

ఇవాళ్టి సెర్బియా జనాభా 2022 లెక్కల ప్రకారం 66 లక్షల పైచిలుకు. హైదరాబాద్ మహానగరం కంటే తక్కువ. సముద్రం లేదు. హంగేరీ, రుమేనియా, బల్గేరియా, క్రొయేషియా అనే నాలుగు పొరుగు దేశాలూ ఐరోపా సమాఖ్యలోనూ నాటోలోనూ సభ్యులే. మాంటెనెగ్రో, ఉత్తర మాసిడోనియా నాటోలో చేరిపోయాయి. 2022 జూన్‌లో రష్యా విదేశాంగ మంత్రి లావ్రోవ్ బెల్‌గ్రేడ్ రావాలనుకున్నప్పుడు బల్గేరియా, ఉత్తర మాసిడోనియా, మాంటెనెగ్రో తమ గగనతలం మూసేశాయి. పర్యటన రద్దయింది. టిటో నాటి విధానం వారసత్వంగా మిగిలింది కానీ, దాన్ని మోసిన భూగోళం మిగల్లేదు.

సమతుల్యం తెచ్చిన లాభాలు

అయినా ఈ విధానం నిలబడిందంటే దానివల్ల ఒరిగింది ఉంది కాబట్టే. మొదటిది కొసొవో. 2008 ఫిబ్రవరిలో ఆ ప్రాంతం స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. సెర్బియా ఒప్పుకోలేదు. భద్రతా మండలిలో వీటో ఉన్న రష్యా, చైనాలు అండగా ఉన్నంత కాలం ఐక్యరాజ్యసమితిలో కొసొవోకి చోటు దొరకదు. ఐరోపా సమాఖ్యలోనే స్పెయిన్, గ్రీస్, సైప్రస్, రుమేనియా, స్లొవేకియా దాన్ని గుర్తించలేదు. భారతదేశమూ గుర్తించలేదు. మాస్కోని వదులుకోవడమంటే సెర్బియన్లకు కొసొవో మీద చివరి పట్టు వదులుకోవడమే.

రెండోది ఉక్కు. స్మెదెరెవో ఉక్కు కర్మాగారాన్ని నడిపిన అమెరికా కంపెనీ 2012లో దాన్ని ఒక్క డాలరుకి సెర్బియా ప్రభుత్వానికి అప్పగించి వెళ్లిపోయింది. అయిదు వేల మంది కార్మికుల ఊరు అది. 2016లో చైనాకి చెందిన హెస్టీల్ 4.6 కోట్ల యూరోలిచ్చి కొనుక్కుంది. కొలిమి ఆరలేదు. బోర్ రాగి గనులు 2018లో చైనా కంపెనీ జిజిన్ చేతికి వెళ్లాయి. బెల్‌గ్రేడ్ నుంచి నోవిసాద్‌కి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో నడిచే రైలు మార్గం 2022 మార్చిలో తెరుచుకుంది. రష్యా, చైనా సంస్థలు కలిసి కట్టిన మార్గమది.

మూడోది కోవిడ్ కాలం. 2020 మార్చిలో ఐరోపా దేశాలు వైద్య సామగ్రి ఎగుమతులపై ఆంక్షలు పెట్టినప్పుడు వుచిచ్ ఐరోపా సంఘీభావం కట్టుకథ అని బహిరంగంగానే అన్నారు. చైనా సాయం విమానాశ్రయానికి చేరిన రోజు ఆ దేశ జెండాని ముద్దు పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఆరంభంలో ఐరోపా సమాఖ్య దేశాలు టీకాల కోసం ఎదురుచూస్తుండగా బెల్‌గ్రేడ్‌లో ఫైజర్, సైనోఫార్మ్, స్పుత్నిక్ మూడూ దొరికాయి. పొరుగు దేశాల వాళ్లు సరిహద్దు దాటి వచ్చి వేయించుకున్నారు. టీకా అంటే తూర్పు పడమర చూడని దేశం పౌరుడికి ఎంత మేలు చేయగలదో ఆ కొద్ది వారాల్లో కనిపించింది.

2022 మార్చి 2న ఉక్రెయిన్‌పై రష్యా దురాక్రమణను ఖండిస్తూ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో తీర్మానం వచ్చింది. భారత్ తటస్థంగా ఉండిపోయింది, సెర్బియా తీర్మానానికి ఓటేసింది. రష్యాపై ఆంక్షలు మాత్రం పెట్టలేదు. ఆ మే నెలలోనే మాస్కోతో మూడేళ్లకి చవక గ్యాస్ ఒప్పందం కుదుర్చుకుంది. 2024 ఆగస్టులో ఫ్రాన్స్ నుంచి 270 కోట్ల యూరోలతో 12 రఫేల్ యుద్ధ విమానాలు కొనేందుకు సంతకం చేసింది. చైనా క్షిపణులు, రష్యా ట్యాంకులు ఉన్న సైన్యంలోకే ఫ్రాన్స్ విమానాలకూ ఆర్డరు వెళ్లింది.

ఐరోపా ఇచ్చేదేమిటి?

ఇన్ని జెండాల మధ్య ఒక విషయం మరుగున పడుతుంది. సెర్బియా విదేశీ వాణిజ్యంలో సుమారు 60 శాతం ఐరోపా సమాఖ్యతోనే. రష్యా, చైనాలను కలిపినా అందులో సగం కూడా రాదు. 2009 డిసెంబర్ నుంచి సెర్బియన్లు వీసా లేకుండా ఐరోపా దేశాలకు వెళ్లొస్తున్నారు. పశ్చిమ బాల్కన్‌లోని ఆరు దేశాల కోసం సమాఖ్య 2024–27కి 600 కోట్ల యూరోల ప్రణాళిక ప్రకటించింది. సంస్కరణ చేసిన మేరకే డబ్బు.

సభ్యత్వం ఏం చేస్తుందో చూడ్డానికి సెర్బియన్లు పక్కనున్న క్రొయేషియా వైపు చూస్తారు. ఆ దేశం 2013 జులైలో చేరింది. 2023 జనవరి 1న ఒకే రోజున యూరో నాణేన్ని అందుకుంది, సరిహద్దు తనిఖీలు లేని షెంగెన్ ప్రాంతంలోనూ చేరింది. కొత్త రోడ్లు, వంతెనలు, తీరం వెంట పర్యాటకం పెరిగాయి. అదే సమయంలో తలుపులు తెరుచుకోగానే యువత ఐర్లాండ్‌కీ జర్మనీకీ బయల్దేరింది. 2011లో 42.8 లక్షలున్న జనాభా 2021 నాటికి 38.7 లక్షలకు తగ్గింది. సెర్బియా యువత సభ్యత్వం లేకుండానే వలస పోతోంది కాబట్టి ఆ భయం చూపించి ఎవర్నీ ఆపలేరు.

డబ్బు, వీసాల కన్నా లోతైన లాభం మరొకటి ఉంది, అది ప్రారంభోత్సవాల్లో కనిపించదు. సభ్యత్వ చర్చల్లో 35 అధ్యాయాలుంటాయి. న్యాయస్థానాల స్వతంత్రత, ప్రభుత్వ కొనుగోళ్ల టెండర్లు, ప్రాసిక్యూటర్ల నియామకం, మీడియా యాజమాన్యం, కాలుష్య ప్రమాణాలు అన్నీ అందులోకి వస్తాయి. అంటే పాలకుడు ఇష్టమొచ్చినట్టు చేయలేని పనుల జాబితా ఒకటి తయారవుతుంది. చైనాతో ఒప్పందానికైనా రష్యా గ్యాస్‌కైనా అలాంటి షరతు లేదు. ఇద్దరు నేతలు కలిసి సంతకం పెడితే సరిపోతుంది. నాలుగు స్తంభాల విధానం పాలకుడికి వెసులుబాటు ఇస్తుంది. ఐరోపా చట్టం ఆయనకు హద్దు గీస్తుంది. బెల్‌గ్రేడ్‌లో ఎవరికి ఏది నచ్చుతుందో ఊహించడం కష్టం కాదు.

సభ్యత్వం వైపు సెర్బియా అడుగులివి: 2008లో సమాఖ్యతో ఒప్పందం, 2009లో దరఖాస్తు, 2012లో అభ్యర్థి హోదా, 2014 జనవరిలో చర్చల ప్రారంభం. 2025 ముగిసే నాటికి తెరిచినవి 22 అధ్యాయాలు, తాత్కాలికంగా ముగించినవి రెండే. 2021 డిసెంబర్ తర్వాత కొత్తది ఒక్కటీ తెరుచుకోలేదు.

అన్ని బిల్లులూ ఒకేసారి

సమతుల్యం ప్రశాంత కాలానికి పనికొచ్చే విధానం. చుట్టూ ఉన్న పెద్దలు తగవుపడకుండా ఉన్నంత కాలం నలుగురి దగ్గరా తీసుకోవచ్చు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక నలుగురూ లెక్క అడగడం మొదలుపెట్టారు.

ఐరోపా సమాఖ్య తన విదేశాంగ ప్రకటనలతో సెర్బియా ఏకీభవించే శాతాన్ని ఏటా లెక్కగడుతుంది. 2024 దాకా అది సగం దగ్గరే ఉండిపోయింది. అమెరికా దెబ్బ మరింత సూటిగా తగిలింది. సెర్బియా తన జాతీయ చమురు సంస్థ ఎన్ఐఎస్‌లో 51 శాతం వాటాను 2008 ఒప్పందం ప్రకారం 40 కోట్ల యూరోలకు రష్యాకి చెందిన గాజ్‌ప్రోమ్ నెఫ్ట్‌కి అమ్మింది. అప్పట్లో అది కొసొవో విషయంలో అండకి కృతజ్ఞత అన్నవాళ్లున్నారు. దేశంలోని ఏకైక చమురుశుద్ధి కర్మాగారం పాంచెవోలో ఉంది, అది ఆ సంస్థదే. రష్యా వాటా కారణంగా అమెరికా 2025 జనవరిలో ఎన్ఐఎస్‌పై ఆంక్షలు ప్రకటించింది. పలుమార్లు వాయిదా వేసి అక్టోబర్ 9 నుంచి అమలు చేసింది. ముడిచమురు వచ్చేది క్రొయేషియా తీరం నుంచి గొట్టం ద్వారా. అప్పుడు ఆ గొట్టం మూతపడింది. ఒక స్తంభం మరో స్తంభాన్ని కూల్చే పరిస్థితి అది.

చైనా వైపు బిల్లు మెల్లగా వస్తోంది. చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2024 జులై నుంచి అమల్లో ఉంది. రష్యా నేతృత్వంలోని యురేషియా కూటమితో మరో ఒప్పందముంది. ఐరోపా సమాఖ్యలో చేరిన రోజే ఈ రెండూ రద్దు చేసుకోవాలి, ఎందుకంటే సభ్యదేశాలకు విడిగా వాణిజ్య విధానం ఉండదు. 2026 జనవరి నుంచి సమాఖ్య సరిహద్దులో కార్బన్ సుంకం పూర్తిగా మొదలైంది. స్మెదెరెవో చైనా యాజమాన్యంలోదే అయినా సరుకు అమ్ముకోవాల్సింది ఐరోపాలోనే.

భారతీయులకు తగిలిన వీసా

ఈ లాగులాటలో మనవాళ్లకూ ఒక దెబ్బ తగిలింది. 2017 సెప్టెంబర్ నుంచి భారతీయ పాస్‌పోర్టుతో వీసా లేకుండా 30 రోజులు సెర్బియాలో ఉండనిచ్చేవారు. కొసొవోని గుర్తించని దేశాలకు సెర్బియా చూపిన ఆదరంలో ఇదొక భాగం. ట్యునీసియా, బురుండి వంటి దేశాలకూ అదే సౌకర్యం ఉండేది. 2021లో అమెరికా కోవిడ్ నిబంధనల వల్ల నేరుగా వెళ్లలేని భారతీయులు కొందరు మధ్యలో 14 రోజులు గడపడానికి సెర్బియాను ఎంచుకున్నారు. 2022లో బెల్‌గ్రేడ్‌లో దిగి, అక్కణ్నుంచి హంగేరీ, ఆస్ట్రియాల్లోకి అక్రమంగా చొరబడే వాళ్ల సంఖ్య పెరిగింది. తమ వీసా విధానానికి అనుగుణంగా మారకపోతే సెర్బియన్లకు ఇచ్చిన వీసా మినహాయింపే ప్రమాదంలో పడుతుందని ఐరోపా సమాఖ్య తేల్చి చెప్పింది. సెర్బియా తలొగ్గింది. 2023 జనవరి 1 నుంచి భారతీయులకు వీసా తప్పనిసరి అయింది. అయితే చెల్లుబాటయ్యే షెంగెన్, బ్రిటన్ లేదా అమెరికా వీసా ఉన్నవాళ్లకు ఆ అవసరం లేదు.

1961 నాటి స్నేహం, 2018లో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ పర్యటన కూడా ఆ నిర్ణయం ముందు నిలవలేదు. 2023 జూన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము బెల్‌గ్రేడ్ వెళ్లేనాటికి వీసా నిబంధన వచ్చి అయిదు నెలలు దాటింది. సభ్యత్వం ఇంకా రాకుండానే సభ్యదేశపు నియమాలు పాటించాల్సి రావడం ఎలా ఉంటుందో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

ఐరోపా తప్పు లేదా?

ఉంది, చిన్నది కూడా కాదు. పొరుగున ఉత్తర మాసిడోనియా 2005లోనే అభ్యర్థి హోదా సంపాదించింది. గ్రీస్ అభ్యంతరం చెప్పిందని 2019లో ఏకంగా దేశం పేరే మార్చుకుంది. ఆ ఏడాది అక్టోబర్‌లో ఫ్రాన్స్ అడ్డుపడింది. మరుసటి ఏడాది భాష, చరిత్ర వివాదం తెచ్చి బల్గేరియా అడ్డుపడింది. ఇప్పుడు రాజ్యాంగం సవరించమంటున్నారు. ఏ ఒక్క సభ్యదేశం కాదన్నా మొత్తం ఆగిపోయే ఏకాభిప్రాయ నియమం వల్ల ఈ గతి పట్టింది. అన్నీ చేసిన దేశానికే ఈ అనుభవం ఎదురైతే, సెర్బియాలో ఎవరైనా మాస్కోతో తెంచుకోమని జనాన్ని ఎలా ఒప్పిస్తారు? అక్కడ ఐరోపా సభ్యత్వానికి మద్దతు సగానికి దిగువకు జారిందంటే అందులో బ్రస్సెల్స్ వాటా కూడా ఉంది.

రెండో తప్పు ఇంకా చేటు చేసింది. పశ్చిమ సెర్బియాలోని యాదర్ లోయలో బ్యాటరీలకు పనికొచ్చే లిథియం ఉంది. నీళ్లు, పొలాలు పాడవుతాయని జనం రోడ్డెక్కితే 2022 జనవరిలో ప్రభుత్వం రియో టింటో కంపెనీ అనుమతులు రద్దు చేసింది. 2024 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం ఆ రద్దు చెల్లదంది. కొద్ది రోజులకే జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ సమక్షంలో ఐరోపా సమాఖ్య, సెర్బియా ముడిఖనిజాల ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆగస్టులో బెల్‌గ్రేడ్ వీధులు నిరసనకారులతో నిండాయి. న్యాయస్థానాలు, మీడియా స్వేచ్ఛ అంటూ వచ్చిన సమాఖ్య, ఖనిజం కనిపించగానే వుచిచ్‌తో కరచాలనం చేసిందన్న మాట అప్పుడు బలంగా వినిపించింది. పాలకుడికి హద్దు గీయాల్సినవాళ్లు కూడా వరుసలో నిలబడి ఆయనతో బేరమాడారు.

11 గంటల 52 నిమిషాలు

2024 నవంబర్ 1న ఉదయం 11 గంటల 52 నిమిషాలకు నోవిసాద్ రైల్వే స్టేషన్ ముందున్న కాంక్రీటు పందిరి కూలింది. గాయాలతో తర్వాత చనిపోయినవాళ్లతో కలిపి 16 మంది బలయ్యారు. ఆ వేగవంతమైన రైలు మార్గం పనుల్లో భాగంగా, చైనా సంస్థల బృందం చేత బాగుచేయించి, కొన్ని నెలల ముందే మళ్లీ తెరిచిన స్టేషన్ అది. పందిరి జోలికి పోలేదని మొదట అధికారులన్నారు. ఒప్పందాలు ప్రభుత్వాల మధ్య కుదిరినవి కాబట్టి మామూలు టెండరు నియమాలకు బయటే ఉన్నాయి. ఏ పని ఎవరు చేశారో, ఎంత ఖర్చయిందో, ఎవరు పర్యవేక్షించారో చూపించే కాగితాలన్నీ బయటపెట్టాలన్నది విద్యార్థుల మొదటి డిమాండు.

విశ్వవిద్యాలయాలు మూతపడ్డాయి. జనం 11.52కి రోడ్ల మీద మౌనంగా నిలబడ్డారు. నెలల తరబడి సాగిన ఆ ఉద్యమానికి తలొగ్గి 2025 జనవరి చివర్లో ప్రధాని మిలోష్ వుచెవిచ్ రాజీనామా ప్రకటించారు. మార్చి 15న బెల్‌గ్రేడ్‌లో దేశ చరిత్రలోనే అతిపెద్ద సభల్లో ఒకటి జరిగింది.

ఆ సభల్లో ఐరోపా జెండాలు దాదాపు కనిపించలేదు. రష్యా వ్యతిరేక నినాదాలూ లేవు. విదేశాంగ విధానం తమ మధ్య చీలిక తెస్తుందని విద్యార్థులకు తెలుసు. అయినా ఏప్రిల్‌లో ఒక బృందం వెయ్యి కిలోమీటర్లకు పైగా సైకిళ్లు తొక్కి ఐరోపా పార్లమెంటు ఉన్న స్ట్రాస్‌బర్గ్ చేరింది. మరో బృందం వంతులవారీగా పరుగెత్తి మే నెలలో బ్రస్సెల్స్ చేరింది. వుచిచ్ మాస్కో కవాతుకి వెళ్లొచ్చిన రోజులే అవి. ఐరోపాలో చేరతామని చెప్పడానికి ఆ పిల్లలు వెళ్లలేదు. మీరు చెప్పే నియమాలను మా పాలకుడి విషయంలో మీరే ఎందుకు పట్టించుకోరని అడగడానికి వెళ్లారు.

ఏం మారగలదు?

బహుముఖ మైత్రి గురించి భారత్‌లో మనం తరచూ వింటాం. రష్యా చమురు కొంటూనే అమెరికాతో రక్షణ ఒప్పందాలు చేసుకోగలుగుతున్నాం. మన దేశ పరిమాణం, మార్కెట్, సైన్యం అందుకు వీలు కల్పిస్తున్నాయి. పైగా మనం చేరాల్సిన సమాఖ్య ఏదీ లేదు. సెర్బియాకి ఆ సౌలభ్యం లేదు. వాణిజ్యంలో అరవై శాతం ఒక వైపు, గ్యాస్ ఇంకో వైపు, భద్రతా మండలి వీటో మరో వైపు ఉన్నప్పుడు ఏ ఒక్క స్తంభాన్ని తొలగించినా కప్పు కదులుతుంది. రాత్రికి రాత్రి తేల్చుకోమనడం దూరంగా ఉన్నవాళ్లకు సులువు.

పార్లమెంటు ఎన్నికలు 2027 చివరికల్లా జరగాలి. ఎవరు గెలిచినా కొసొవో తగాదా తెల్లారేసరికి తీరదు, స్మెదెరెవో కొలిమిని మూయలేరు, రష్యా గ్యాస్‌కి మారుగా బల్గేరియా మీదుగా 2023లో తెరిచిన కొత్త గొట్టంతో అజర్‌బైజాన్ గ్యాస్ పెంచుకోవడానికీ సమయం పడుతుంది. అయితే వెంటనే చేయగలిగినవీ ఉన్నాయి. ఎవరితో ఒప్పందం చేసుకున్నా దాని పాఠం ప్రజల ముందుంచవచ్చు. పోటీ టెండరు పిలవచ్చు. కూలిన కట్టడంపై ప్రాసిక్యూటర్‌ని స్వేచ్ఛగా పనిచేయనివ్వచ్చు. అప్పుడు చైనా కట్టిన రైలైనా, జర్మనీ అడిగిన లిథియమైనా, రష్యా గ్యాసైనా ప్రజలు లెక్క చూడగల వ్యవహారమవుతుంది. ఈ పనులకు 27 సభ్యదేశాల ఏకాభిప్రాయం అక్కర్లేదు, భద్రతా మండలిలో ఎవరి వీటో కూడా అవసరం లేదు. బెల్‌గ్రేడ్ తలచుకుంటే చాలు. అది తలచుకోనంత కాలం నాలుగు స్తంభాలూ పాలకుడి కుర్చీనే మోస్తాయి.